బాల్కనీ లైట్ల తీగ మీద హమ్మింగ్‌బర్డ్ గూడు: రాత్రిళ్లు తల్లి రావడం లేదు, పిల్లల్ని లోపలికి తేవచ్చా?

సన్నీవేల్_సుధ · మార్చి 9, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం అర్జంటు.

మాది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. దీపావళికి బాల్కనీలో కట్టిన లైట్ల తీగ అలాగే వదిలేశాం. జనవరి ఆఖర్లో దాని మీద, ఒక బల్బు హోల్డర్‌ని ఆనుకుని, హమ్మింగ్‌బర్డ్ గూడు కట్టింది. ఆ తర్వాత రెండు గుడ్లు. ఫిబ్రవరి ఆఖరి వారంలో పిల్లలయ్యాయి. ఇన్నాళ్లూ చీకటి పడగానే తల్లి వచ్చి గూట్లో సర్దుకుని కూర్చునేది. ముక్కు ఒకవైపు, తోక ఒకవైపు బయటికి కనిపించేవి. నిన్న రాత్రి రాలేదు. ఇవాళా రాలేదు. బయట 7 డిగ్రీలు. పిల్లలు కుయ్ కయ్ అనడం లేదు.

నా పురుడు పోయడానికి అమ్మ తెనాలి నుంచి వచ్చింది. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని రోజంతా ఆ గూటివైపే చూస్తూ ఉంటుంది. "తల్లి ఏ పిల్లి నోట్లోనో పడి ఉంటుందే, పిల్లల్ని లోపలికి తెచ్చి లైటు కింద పెడదాం" అంటోంది. డ్రాపర్‌తో పంచదార నీళ్లు పోస్తే బతుకుతాయా? ఎవరైనా చెప్పండి ప్లీజ్, టెన్షన్‌గా ఉంది.

కృష్ణ_ఫ్రీమాంట్ · మార్చి 9, రాత్రి 10:05

లోపలికి తెచ్చేయండి. ఈ చలికి ఉదయం దాకా ఆగవు. అట్టపెట్టెలో హీటింగ్ ప్యాడ్ వేసి పెట్టండి. తల్లి వస్తే మళ్లీ బయట పెట్టొచ్చు కదా.

అనిత_శాన్‌హోసే · మార్చి 9, రాత్రి 10:20

సుధ గారూ, ముందు ఆ డ్రాపర్ పక్కన పెట్టేయండి. గూడు ముట్టుకోకండి. నేను వారాంతాల్లో ఒక పక్షుల సంరక్షణ కేంద్రంలో వాలంటీరుగా చేస్తాను. ఏటా ఈ నెలల్లో మాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా ఇవే.

మీరు చెప్పిన లెక్కన పిల్లలకి పదకొండు, పన్నెండు రోజులుంటాయి. పుట్టినప్పుడు వాటికి వీపు మీద రెండు చారల నూగు తప్ప ఏమీ ఉండదు, కళ్లు మూసుకుని ఉంటాయి. సొంతంగా ఒంటి వేడి నిలుపుకోలేవు కాబట్టి తల్లి రాత్రంతా, పగలు కూడా మధ్యమధ్యలో, మీద కూర్చుంటుంది. తొమ్మిది నుంచి పన్నెండు రోజులు వచ్చేసరికి ఈకల మొలకలు పొడుచుకొస్తాయి, ఒంటి వేడి నిలబడుతుంది. పైగా ఇద్దరూ పెరిగి గూడు నిండిపోయి ఉంటారు, తల్లి కూర్చుందామన్నా చోటుండదు. అక్కణ్నుంచి ఆమె రాత్రిపూట దగ్గర్లో ఏ కొమ్మ మీదో పడుకుంటుంది. జనం భయపడేది సరిగ్గా ఈ రాత్రే.

రేపు తెల్లవారాక ఒక పని చేయండి. గది లోపల, అద్దం వెనక కూర్చుని, గంటసేపు గూటి మీంచి చూపు తిప్పకుండా చూడండి. ఫోన్ చేతిలో ఉండకూడదు. మేత పెట్టి వెళ్లిపోవడానికి ఆమెకి కొన్ని సెకన్లు చాలు. "పొద్దున్నించీ చూస్తున్నాం, రాలేదండీ" అనేవాళ్లలో చాలామంది ఆ సెకన్లలోనే తల తిప్పి ఉంటారు. బాల్కనీలో నిలబడి చూస్తే మాత్రం అసలు రాదు.

గూటి అంచు మీద, కింద నేల మీద తెల్లటి చుక్కలున్నాయేమో చూడండి. మొదటి రోజుల్లో రెట్టను తల్లే తీసేస్తుంది. కాస్త పెరిగాక పిల్లలు వెనక్కి తిరిగి, గూటి అంచు దాటేలా బయటికి చిమ్ముతాయి. కొత్త చుక్కలు పడుతున్నాయంటే తిండి అందుతున్నట్టే.

ఇక అరవడం లేదన్న బెంగ. అరవకపోవడమే మంచి లక్షణం. కాకులకీ జే పిట్టలకీ జాడ తెలియకుండా పిల్లలు నోరు మూసుకుని ఉంటాయి. తల్లి రెక్కల గాలి తగిలినప్పుడే మెడ చాచి నోళ్లు తెరుస్తాయి. పది నిమిషాలకు మించి ఆగకుండా కీచుమంటూ ఉంటే అప్పుడు అనుమానించాలి, లైసెన్సు ఉన్న సంరక్షకులకి ఫోన్ చేయాలి.

పంచదార నీళ్లు వద్దే వద్దు. తల్లి పెట్టేది ఒట్టి తేనె కాదు. చిన్న దోమలు, పండ్ల ఈగలు, సాలీళ్లు పట్టి మింగి, పూతేనెతో కలిపి పిల్లల గొంతులోకి కక్కుతుంది. ఒట్టి పంచదార నీళ్లతో కొద్దిరోజుల్లోనే ఎముకలు, ఈకలు పాడవుతాయి. డ్రాపర్‌తో పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం కూడా ఉంది.

కృష్ణ గారూ, "తల్లి వస్తే మళ్లీ పెట్టొచ్చు" అన్నారు. గూడు అక్కడ లేకపోతే ఆమె వచ్చినా మీకు తెలిసేదెలా? ఒకటి రెండుసార్లు చూసి వెళ్లిపోతుంది.

కృష్ణ_ఫ్రీమాంట్ · మార్చి 9, రాత్రి 10:31

సరే అనిత గారూ, మీరు రోజూ చూసేవారు. కానీ మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని దగ్గరికి రానివ్వదంటారు కదా, అదైనా నిజమేనా? మా ఊళ్లో పిచ్చుక పిల్లల్ని ముట్టుకుంటే మా నాన్నమ్మ చీపురు పట్టుకుని వెంటపడేది.

అనిత_శాన్‌హోసే · మార్చి 9, రాత్రి 10:44

కాదండీ, వాసన పట్టి వదిలేయడం అంటూ ఏమీ లేదు. పిల్ల కింద పడితే తీసి గూట్లో పెట్టేయమనే మేం చెప్తాం. గూట్లోంచి బయటికి మాత్రం లాగకూడదు. కాళ్లతో లోపలి దూదిని గట్టిగా పట్టుకుని ఉంటాయి, లాగితే కాళ్లు విరుగుతాయి. నాన్నమ్మ గారి చీపురు మాత్రం మంచి పనే చేసింది. పిల్లలు గూళ్ల జోలికి వెళ్లకుండా ఆపింది.

సన్నీవేల్_సుధ · మార్చి 10, ఉదయం 8:15

వచ్చింది!!! అమ్మ చూసింది, నేనూ చూశాను. ఏడు దాటాక మొదటిసారి వచ్చింది. గూటి అంచు మీద వాలి, మెడ పైకి సాచి, ఆ పొడుగు ముక్కు మొత్తం పిల్ల గొంతులోకి దింపేసింది. కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందికీ టకటకా ఆడించి, రెండోదానికి కూడా అలాగే పెట్టి, తుర్రుమంది. ముక్కు ఎక్కడ పొట్టలోంచి బయటికొస్తుందో అని నాకు ఒళ్లు జలదరించింది. సుమారు అరగంటకి మళ్లీ వచ్చింది. నేల మీద తెల్ల చుక్కలు బోలెడు. వాటిని ఇన్నాళ్లూ పావురాల రెట్ట అనుకుని తుడుస్తున్నాం.

అనిత గారూ, మీకు ఎన్ని థాంక్సులు చెప్పాలో. అమ్మ ఇప్పుడు కొత్త ప్రశ్న మొదలుపెట్టింది: "మొగుడేడీ?"

గోదావరి_మాస్టారు · మార్చి 10, ఉదయం 9:02

సుధమ్మా, మీ అమ్మగారి ప్రశ్నే నాదీ. రాజమండ్రిలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా పెరట్లో బట్టలారేసే తీగకి ఊదా తేనెపిట్టలు గూడు వేలాడదీస్తుంటాయి. హమ్మింగ్‌బర్డ్‌కీ మన తేనెపిట్టకీ చుట్టరికం లేదు. అవి అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా లేవు, ఇవి ఆసియా, ఆఫ్రికా వైపువి. పూలలో తేనె తాగే బతుకు కాబట్టి రెంటికీ పొడుగు ముక్కు వచ్చింది. గూడు కట్టడానికి రెండూ సాలెగూటి దారమే వాడతాయి. మన పిట్టది మాత్రం పైన చూరు, పక్కన గుమ్మం ఉన్న సంచీ గూడు. హమ్మింగ్‌బర్డ్‌ది పైకప్పు లేని గిన్నె.

తేనెపిట్టల్లో గూడు కట్టడం, పొదగడం ఆడదాని పనే. కానీ పిల్లలయ్యాక మగవాడు కూడా పురుగులు తెచ్చి పెడతాడు. ఇక్కడ అది కూడా లేదంటారా?

అనిత_శాన్‌హోసే · మార్చి 10, మధ్యాహ్నం 12:30

లేదు మాస్టారూ. సుధ గారి బాల్కనీలోది ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ అయి ఉంటుంది, జనవరిలో ఇక్కడ గూడు కట్టేది ముఖ్యంగా అదే. మగవాడి పాత్ర జత కట్టడంతో సరి. గూడు ఎక్కడుందో కూడా పట్టించుకోడు. తన పూల మొక్కల్నీ, తన చోటునీ కాపలా కాసుకుంటూ, ఇంకో ఆడది కనిపిస్తే మళ్లీ విన్యాసాలు మొదలుపెడతాడు. అవి చూడాల్సిందే అనుకోండి. 30, 40 మీటర్ల ఎత్తుకి ఎగిరి, నిటారుగా కిందికి దూకి, ఆడదాని దగ్గరికి రాగానే "చిక్" అని పెద్ద శబ్దం చేస్తాడు. అది గొంతుతో చేసేది కాదు, తోక చివరి ఈకల్లోంచి గాలి దూసుకుపోతే వచ్చేది. బర్క్‌లీలో క్రిస్టఫర్ క్లార్క్, టెరెసా ఫియో 2008లో తేల్చారు.

మొగుడు దగ్గర లేకపోవడం వల్ల ఒక లాభం కూడా ఉందని అంటారు. మగవాడి తల, గొంతు గులాబీ ఎరుపులో తళతళలాడతాయి. అలాంటివాడు రోజుకి పాతికసార్లు గూటికి వస్తూ పోతూ ఉంటే కాకికి అడ్రసు ఇచ్చినట్టే. ఆడది ఆకుపచ్చ, బూడిద రంగుల్లో కొమ్మల్లో కలిసిపోతుంది.

సన్నీవేల్_సుధ · మార్చి 10, మధ్యాహ్నం 1:10

అమ్మకి చదివి వినిపించాను. "తళతళలాడితే మాత్రం ఏం లాభం" అంది. మా ఆయన లేచి వెళ్లి అంట్లు తోమాడు.

పద్మ_ఎడిసన్ · మార్చి 10, సాయంత్రం 6:40

మా న్యూజెర్సీ వైపు ఒక్క రూబీ త్రోటెడ్ రకమే గూడు కడుతుంది. ఏప్రిల్ ఆఖరుకి దక్షిణం నుంచి వస్తుంది, మే, జూన్ నెలల్లో గూళ్లు. మీకు జనవరిలో అంటే ఆశ్చర్యంగా ఉంది, అప్పుడు మేం మంచు తవ్వుకుంటూ ఉంటాం.

కిందటి వేసవిలో మా పక్కింటి మేపుల్ కొమ్మ మీద ఒకటి కడుతుంటే బైనాక్యులర్స్‌తో చూశాను. కిటికీల చూరు కింద బూజుని ముక్కుతో చుట్టుకుని పోతుంది. దాన్ని గూటి అంచుకి అద్ది, చుట్టూ తిప్పి లాగి, లోపల కూర్చుని గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో తొక్కుతుంది. అంచుని గడ్డంతో, రొమ్ముతో ఒత్తి నున్నగా చేస్తుంది. బయటంతా లైకెన్ ముక్కలు అతికించింది. మనం మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఆ కోవదే. పూర్తయ్యాక చూస్తే కొమ్మకున్న బొడిపె అనుకుంటారు తప్ప గూడు అనుకోరు.

అప్పటినుంచి నేను వేసవిలో బయట బూజు దులపడం మానేశాను. మావారికి బద్ధకానికి సాకు అనిపిస్తుంది, అనిపించనివ్వండి.

ఆన్‌లైన్లో "హమ్మింగ్‌బర్డ్ హౌస్" అని చెక్క పెట్టెలు అమ్ముతున్నారు. కొనొచ్చా?

అనిత_శాన్‌హోసే · మార్చి 10, సాయంత్రం 7:15

పెట్టెలు డబ్బు దండగ పద్మ గారూ. హమ్మింగ్‌బర్డ్‌లు తొర్రల్లో, పెట్టెల్లో గూడు కట్టవు. సన్నటి కొమ్మ, తీగ, గాలి గంటల దారం, ఇలాంటివి కావాలి. మీరు బూజు వదిలేయడం వెయ్యి పెట్టెలకన్నా నయం.

ఆ బూజు ఎందుకంటే, అది సాగుతుంది. ఆనాస్ గూడు మొదట్లో 4 సెంటీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. 12, 13 మిల్లీమీటర్ల గుడ్లు రెండింటికి అది చాలు. పిల్లలు పెరిగే కొద్దీ గోడలు సాగి విచ్చుకుంటాయి. ఆఖరి రోజుల్లో చూస్తే గిన్నె పళ్లెం అయిపోయి ఉంటుంది. "గూడు చితికిపోయిందండీ" అని ఫోన్ చేసేవాళ్లూ ఉంటారు. చితకలేదు, సాగింది.

జనవరి సంగతి: ఇక్కడ వానలు చలికాలంలో. మంజనీటా లాంటి స్థానిక మొక్కలు అప్పుడే పూస్తాయి. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన నీలగిరి చెట్లు కూడా చలికాలంలో పూసి వీటికి తోడయ్యాయి. ఒకప్పుడు ఈ రకం దక్షిణ కాలిఫోర్నియా, మెక్సికోలోని బాహా ప్రాంతాల్లోనే గూళ్లు పెట్టేది. తోటలు, పంచదార నీళ్లు పోసి వేలాడదీసే ఫీడర్లు పెరిగాక ఇప్పుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా పాకింది.

ఫీనిక్స్_రవి · మార్చి 10, రాత్రి 9:20

మా అరిజోనా నుంచి ఒక మాట. ఇక్కడ బ్లాక్ చిన్డ్ అనే రకం ఉంది. చిరికావా కొండల్లో ఈ రకం తల్లులు కూపర్స్ హాక్, గోషాక్ డేగల గూళ్ల దగ్గర్లో ఎక్కువగా గూళ్లు పెడతాయి. డేగ పక్కన కాపురం ఏంటి అనిపిస్తుంది. డేగకి 3 గ్రాముల పిట్టతో పనిలేదు, పట్టుకోవడానికి పడే శ్రమకి కూడా గిట్టదు. కానీ గుడ్లు, పిల్లల్ని తినే మెక్సికన్ జే పిట్టలకి డేగంటే హడల్. డేగ పైనుంచి కిందికి దూకి వేటాడుతుంది కాబట్టి దాని గూటికి కింద, చుట్టుపక్కల ఉన్న జాగాలోకి జేలు రావు. హమ్మింగ్‌బర్డ్ గూళ్లు సరిగ్గా ఆ జాగాలో బతికి బట్టకడతాయి. హారాల్డ్ గ్రీనీ బృందం దీనిమీద 2015లో పేపరు వేసింది. ఏదైనా జంతువు డేగ గూటిని పాడుచేసి, డేగలు వెళ్లిపోతే జేలు దిగిపోతాయి. ఇక ఆ కింద గూళ్ల పని అంతే.

సుధ గారూ, మీ బాల్కనీలో డేగ లేదు కానీ మనుషులు తిరుగుతూ ఉండటం కూడా కాకుల్ని కొంత దూరం పెట్టే ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే.

గోదావరి_మాస్టారు · మార్చి 11, ఉదయం 6:50

రవీ, భలే చెప్పావు నాయనా. పాఠం చెప్పే రోజుల్లో ఇది తెలిసి ఉంటే పిల్లలకి ఒక క్లాసు దీనిమీదే తీసుకునేవాణ్ని.

అనితమ్మా, ఒక సందేహం. వీటికి చలి రాత్రుల్లో ఒంటి వేడి తగ్గించుకుని మొద్దునిద్రలోకి పోయే అలవాటుంది కదా. పొదిగే తల్లి అలా పోతే గుడ్లు చల్లారిపోవూ?

అనిత_శాన్‌హోసే · మార్చి 11, ఉదయం 8:05

అందుకే గూట్లో ఉన్న తల్లులు ఆ నిద్రలోకి అరుదుగా పోతాయి మాస్టారూ. మామూలు రోజుల్లో శక్తి మిగుల్చుకోవడానికి ఉన్న ఉపాయాన్ని పొదిగేటప్పుడు చాలావరకు వదులుకోవాల్సి వస్తుంది. రాత్రంతా ఒళ్లు వెచ్చగా ఉంచాలంటే పగలు అంతకంత తినాలి. తినడానికి వెళ్తే గుడ్లు చల్లబడతాయి. అందుకని కొన్ని నిమిషాలు బయట, మళ్లీ గూట్లో, రోజంతా ఇదే పరుగు. పదహారు రోజుల అటూ ఇటూ పొదగాలి, ఆ తర్వాత మూడు వారాలు మేపాలి. మొత్తం 4 గ్రాముల పిట్ట.

సన్నీవేల్_సుధ · మార్చి 13, మధ్యాహ్నం 2:25

కొత్త చిక్కు వచ్చింది. మా అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి నోటీసు: సోమవారం నుంచి బాల్కనీలకి రంగులు వేస్తారట, వైర్లు, కుండీలు అన్నీ తీసేయాలట. ఫోన్ చేస్తే "గూడుని పక్కన చెట్టు మీద పెట్టేయండి" అన్నారు. ఏం చేయను?

అనిత_శాన్‌హోసే · మార్చి 13, మధ్యాహ్నం 2:40

పెట్టొద్దు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పందం చట్టం ప్రకారం గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని అనుమతి లేకుండా కదపకూడదు. ఆనాస్ వలస పోకపోయినా ఆ జాబితాలో ఉంది. ఇదే మాట ఈమెయిల్‌లో, ఫొటోతో సహా రాయండి. "మా బాల్కనీ ఒక్కటీ చివర్లో వేయండి, పది పన్నెండు రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది" అని అడగండి. గొడవకి దిగక్కర్లేదు. రాతలో చట్టం పేరు కనబడితే చాలామంది సర్దుకుంటారు.

కృష్ణ_ఫ్రీమాంట్ · మార్చి 13, సాయంత్రం 5:55

నేను బిల్డింగ్ పనుల్లోనే ఉంటాను. పెయింటర్లకి ఒక బాల్కనీ వెనక్కి జరపడం పెద్ద విషయం కాదు, వానొస్తే రోజూ జరుపుతారు. ఇంకో మాట, ఆ చుట్టుపక్కల బాల్కనీలకి స్ప్రే గన్ వాడొద్దని, బ్రష్, రోలర్‌తో వేయమని కూడా రాయండి. తుంపర గాలికి కొట్టుకొస్తుంది. ఈమెయిల్ డ్రాఫ్ట్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, రాసిస్తాను.

సన్నీవేల్_సుధ · మార్చి 14, ఉదయం 11:00

ఒప్పుకున్నారు! మా బాల్కనీ, పక్కదీ నెలాఖరుకి వాయిదా. కృష్ణ గారూ, మీ డ్రాఫ్ట్ పుణ్యమే. ఒక్క అక్షరం మార్చకుండా పంపాను.

పిల్లలకి ఇప్పుడు ముక్కులు పొడుగవుతున్నాయి, ఈకలొచ్చాయి. ఇద్దరూ ఒకే వైపు తిరిగి కూర్చుంటారు. గూడు చూస్తే నిజంగానే పళ్లెం అయింది. అమ్మ అడుగుతోంది, "బాలింతకి పథ్యం ఏం పెట్టాలి?" అని. ఫీడర్ పెట్టమంటారా?

అనిత_శాన్‌హోసే · మార్చి 14, మధ్యాహ్నం 12:10

గూడు పక్కన ఫీడర్ వద్దు. మిగతా హమ్మింగ్‌బర్డ్‌లు వచ్చి కొట్లాడుకుంటాయి, చీమలొస్తాయి, ఆ సందడికి జేలు కూడా చూస్తాయి. పెట్టాలంటే ఇంటికి అవతలి వైపు పెట్టండి.

అమ్మగారు పథ్యం పెట్టాలనుకుంటే అరటిపండు తొక్కలు ఒక చిన్న బుట్టలో వేసి, గూటికి దూరంగా వేలాడదీయమనండి. పండ్ల ఈగలు ముసురుతాయి. తల్లికి ఇప్పుడు తేనెకన్నా ఈగలే ముఖ్యం. మొక్కలకి పురుగుమందు కొట్టకండి.

సన్నీవేల్_సుధ · మార్చి 14, మధ్యాహ్నం 12:32

ఇంట్లోకి ఒక్క ఈగ రానివ్వని మా అమ్మ బాల్కనీ చివర ఈగలు పెంచుతోంది. రికార్డు కోసం ఇక్కడ రాస్తున్నాను.

సన్నీవేల్_సుధ · మార్చి 20, ఉదయం 10:30

నిన్న సాయంత్రం పెద్దది ఎగిరిపోయింది. రెండు మూడు రోజుల ముందునుంచే గూటి అంచు ఎక్కి, కాళ్లతో గట్టిగా పట్టుకుని, నిలబడ్డచోటే రెక్కలు గిర్రున తిప్పేది. నిన్న అలా తిప్పుతూ తిప్పుతూ పట్టు వదిలేసింది. కింద పడుతుందని నేను అరిచాను. పడలేదు, నేరుగా ఎదురుగా ఉన్న చెట్టు మీదికి పోయింది. చిన్నది ఇవాళ పొద్దున పోయింది. గూట్లో నోరు మెదపనివాళ్లు ఇప్పుడు చెట్టు మీంచి ఒకటే కీచు కీచు.

తల్లి ఇంకా వాటికి పెడుతోందా? లేక వాటి బతుకు అవి బతకాల్సిందేనా?

అనిత_శాన్‌హోసే · మార్చి 20, ఉదయం 11:15

ఇంకో వారం, రెండు వారాలు పెడుతుంది. ఆ కీచులాట "ఇక్కడున్నాను" అని చెప్పడం. గూట్లో ఉన్నప్పుడు చోటు ఒకటే కాబట్టి అరవక్కర్లేదు, ఇప్పుడు తల్లి వెతుక్కోవాలి కదా. ఈ లోపు అవి కనిపించిన ప్రతిదాన్నీ ముక్కుతో పొడిచి చూస్తాయి, ఎర్ర క్లిప్పులు, కుళాయి, అన్నీ. ఏది పువ్వో అలాగే తెలుసుకుంటాయి. ఆ తర్వాత తల్లే వాటిని తన చోటు నుంచి తరిమేస్తుంది.

పద్మ_ఎడిసన్ · మార్చి 20, సాయంత్రం 7:00

సుధ గారూ, ఆ గూడు దాచుకుంటారా? మీ పాప మొదటి పుట్టినరోజుకి ఫ్రేము కట్టించొచ్చు!

అనిత_శాన్‌హోసే · మార్చి 20, సాయంత్రం 7:22

ఖాళీ గూడైనా అనుమతి లేకుండా ఇంట్లో దాచుకోవడానికి అదే చట్టం ఒప్పుకోదు పద్మ గారూ. ఫొటో ఫ్రేము కట్టించుకోవచ్చు. పెయింటర్లు వచ్చేదాకా అక్కడే వదిలేయమనండి. దూదీ లైకెనూ పాత గూళ్లలోంచి లాక్కెళ్లి కొత్త గూటికి వాడుకునే తల్లులున్నాయి. ఈ రకం ఏడాదికి రెండు మూడు ఈతలు పెడుతుంది. పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే రెండో గూడు మొదలుపెట్టిన తల్లుల్ని కూడా చూశాం.

సన్నీవేల్_సుధ · మార్చి 22, మధ్యాహ్నం 3:05

ఆ లాక్కెళ్లడం ఇవాళ కళ్లారా చూశాం. అదే తల్లో వేరేదో తెలియదు గానీ, వచ్చి గూటి అంచునుంచి దూది పీక్కుని పైఅంతస్తు వైపు పోయింది. పైన ఉండేది మరాఠీ వాళ్లు. అమ్మ ఇప్పుడే మెట్లెక్కి వెళ్లింది. ఆమెకి హిందీ రాదు, వాళ్లకి తెలుగు రాదు. లైట్ల తీగ తీయొద్దని ఎలా చెప్తుందో చూడాలి.

పద్మ_ఎడిసన్ · మార్చి 22, సాయంత్రం 6:15

మాకు వచ్చే నెలాఖరుకి వస్తాయి కదా, ఫీడర్ కడిగి పెడుతున్నాను. పాకం కొలత ఎవరైనా చెప్పండి. ఎర్ర రంగు కలపాలా?

అనిత_శాన్‌హోసే · మార్చి 22, సాయంత్రం 6:40

ఒక కప్పు మామూలు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్లు, అంతే. రంగు వద్దు. తేనె, బెల్లం, బ్రౌన్ షుగర్ ఏవీ వద్దు. ఎండలు ముదిరాక రెండు రోజులకోసారి పారబోసి, వేడినీళ్లతో కడిగి మళ్లీ నింపండి.